రెండు వేళ్ళ ఎత్తు

బావ ఆ పూట సైకిలు తొక్కుతూ రాలేదు, తోసుకుంటూ వచ్చాడు. షాపు ముందు దాన్ని గోడకు ఆనించి, ముందు చక్రం వైపు గడ్డంతో చూపించాడు.

"మీ అక్కలాగే అలిగి కూర్చుందిరా. లేవమంటే లేవట్లేదు."

"మా అక్క అలిగిందంటే కారణం నువ్వే అయివుంటావు. దీన్నేం చేశావు?" అంటూ పానా చేతులు గుడ్డకు తుడుచుకుని లేచాడు.

పానా అన్నది అతని పేరు కాదు. చేతిలో పానా లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి వీధి ఆ పేరు పెట్టింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రం బతికి ఉంది. బావ బండికి పంచరు వేయాలన్నా, గొలుసు మార్చాలన్నా ఇంకెవరి చెయ్యీ పడనివ్వడు. బావామరుదులు ఒకరినొకరు దెప్పుకోవడానికి ఆ బండి మంచి సాకు కూడా.

అది కొండదారుల కోసం చేసిన సైకిలు. ఇలాంటివి కొత్తగా వచ్చిన రోజుల్లోది. బూడిదరంగు ఇనుప ఫ్రేము, చేటంత సీటు. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు మాత్రం మామూలుది కాదు. లావు గొట్టంలోకి సన్న గొట్టం దిగుతూ, లోపలి స్ప్రింగుల మీద కుదుపులు మింగే షాకు ఫోర్కు. ఇప్పుడది దిగడమే కానీ లేవడం మానేసింది. హ్యాండిలు ముందుకు వాలి, బండి మొత్తం నేల మీద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నట్టుంది.

పానా హ్యాండిలు మీద బరువేసి నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"ఇవాళ రాయి మీద ఎక్కించేసరికి పూర్తిగా దిగబడింది. అంతకుముందు కాస్త కాస్తగా వాలుతూనే ఉంది."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"వాలితే వాలింది, నడుస్తోందిగా అనుకున్నాను. ఇప్పుడు చూడు, సరిగ్గా పీకల మీదికి వచ్చింది." బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "వచ్చే వారం పరీక్షరా. కొత్త సూపర్‌వైజరు పెట్టాడు. అడుగు కింద పెట్టకుండా కింది గేటు నుంచి పైట్యాంకు దాకా తొక్కాలట. దిగినవాడు తాళాలు ఇచ్చేసి ఇంటికి పోవచ్చట. ఇల్లు కూడా వాళ్ళదే కాబట్టి, ఏ ఇంటికి పోవాలో మాత్రం చెప్పలేదు."

బావది పైపులైను పని. కొండ మీది ట్యాంకు నుంచి ఊళ్ళోకి నీళ్ళు దిగే పెద్ద గొట్టం వెంట రోజూ పైదాకా ఎక్కి, ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ ఆగి, వాల్వులు బిగించి మళ్ళీ దిగడం. కొండ అడుగున ఆఫీసు ఇచ్చిన రెండు గదుల ఇంట్లో అక్కా అతనూ ఉంటారు.

"కొత్తవాళ్ళకి ఆఫీసు సైకిళ్ళు ఇచ్చింది కదా. నీకూ ఒకటి అడక్కపోయావా?"

"అడిగాను. పాతవాళ్ళకు అలవాటైన సొంత బండ్లున్నాయిగా అన్నాడు. డ్యూటీలో విరిగింది కదయ్యా అంటే, నీ బండి నీ ఇష్టం అన్నాడు. నా బండే, నా ఇష్టమే. తొక్కేది మాత్రం వాళ్ళ గొట్టం వెంట."

పానాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ సూపర్‌వైజరును తిట్టినంత మాత్రాన ఫోర్కు లేవదు. మేకుకు వేలాడుతున్న పురికొస తెంపి, ఒక కొస చక్రం ఇరుసు దగ్గర పట్టుకుని, పైన ఫోర్కు ఫ్రేములోకి దూరే చోటుదాకా లాగి ముడి వేశాడు. కొత్త ఫోర్కు ఏది తెచ్చినా పొడుగు ఇంతే ఉండాలి. చక్రం ఎంత కుదుపు మింగుతుందన్నది తర్వాతి మాట. ఈ పొడుగే ఫ్రేముకు ముఖ్యం. పొడుగైతే ముక్కు పైకెత్తుతుంది, పొట్టిదైతే నేల నాకుతుంది.

"దొరుకుతుందంటావా?" అన్నాడు బావ.

"నీలాంటి పాతవాణ్ణి మా అక్క ఎక్కడో వెతికి పట్టుకోలేదూ? నేనూ ఆ తల్లి కడుపున పుట్టినవాణ్ణేలే."

బావ నవ్వి, చేతిసంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్ళిపోయాడు. బండి వచ్చేదాకా కొండ కాలినడకనే ఎక్కుతానన్నాడు.

అతను వెళ్ళాక పానా ఫోర్కు విప్పాడు. పైమూతలు తిప్పి తీస్తే స్ప్రింగులు సగానికి అణిగిపోయి ఉన్నాయి. వాటి మధ్య ఉండాల్సిన రబ్బరు ముద్దలు ఎండు రొట్టెలా పొడిపొడిగా రాలాయి. వాటిని వేలితో గీకి తీసేసి, గొట్టాలను కిరసనాయిలుతో కడిగి, ఊరికే ఎంతవరకు వస్తాయో చూద్దామని లాగాడు. సన్నగొట్టాలు బయటికి వచ్చి వచ్చి ఒకచోట ఠక్కున ఆగాయి. పానా పురికొస తెచ్చి పెట్టి చూశాడు. ముడి రెండు వేళ్ళు కిందికి నిలిచింది.

తన తల తనే మొట్టుకున్నాడు. అతను కొలిచింది చచ్చిన ఫోర్కును. అది పుట్టినప్పటి పొడుగు ఇది. ఏళ్ళ తరబడి కాస్త కాస్తగా అణిగి ఈ రెండు వేళ్ళు లోపలికి పోయాయి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు చేసే పొరపాటు తను చేశాడు. బావ బండి ఎప్పుడూ కంటి ముందే ఉండడంతో ఆ వంగుడే దాని నిలువనుకున్నాడు. ముడి విప్పి సరైన చోట మళ్ళీ వేశాడు.

గొట్టాలు తుడిచి పక్కన పెట్టబోతూ ఇంకొకటి గమనించాడు. కుడివైపు గొట్టం అద్దంలా మెరుస్తోంది. ఎడమవైపుది మాత్రం పైపూత గీరుకుపోయి లోపలి ఇనుము బయటపడింది. బరువంతా ఒక్క పక్కనే మోసినట్టుంది. ఇరుసు వంకర పోయిందేమోనని నేల మీద దొర్లించి చూశాడు. అది నిటారుగానే ఉంది.

*

తుక్కు కొట్టు ఆవిడ నోటికి భయపడి చాలామంది బేరం మానేసి వెళ్ళిపోతారు. పానా అంటే మాత్రం ఆవిడకు కాస్త అభిమానం. అంటే తిట్టినా కూర్చోబెట్టి తిడుతుంది.

"ఇదిగో, ఇంత పొడుగువి, నిన్నగాక మొన్న వచ్చాయి. రాజాలాంటి ఫోర్కులు. నొక్కి చూడు, బుస్సుమంటాయి. నీకు ఆ పురికొస ఎందుకు చెప్పు? షాపువాడివా, కొలతలు తీసుకునే దర్జీవా?"

"పొడుగు ఎక్కువమ్మా."

"పొడుగైతే మంచిదేగా. ఎంత పొడుగైతే అంత మెత్తగా ఉంటుంది."

"కొత్త ఫ్రేముకైతే మెత్తనే. మా పాతదానికి ఇది పెడితే ముక్కు ఆకాశంలోకి వెళ్తుంది, ఎక్కేటప్పుడు ముందు చక్రం నేల వదిలేస్తుంది. పైగా పొడుగు కర్రతో మూత ఎత్తినట్టు ఫ్రేము మెడ మీద తన్నుతుంది. ఒకరోజు మెడ దగ్గర చీలుతుంది."

"ఎవరి మెడ?"

"ముందు ఫ్రేముది."

ఆవిడ నవ్వాపుకుని, లోపలి గది తాళం తీసి ఇచ్చింది. పానా ఆ మధ్యాహ్నమంతా ఇనుప గుట్టలో మోకాళ్ళ మీద పాకాడు. కొత్త ఫోర్కుల మెడగొట్టం అడుగున లావుగా ఉంటుంది, పాత ఫ్రేములోకి దూరదు. దూరేవి దొరికితే వాటికి బ్రేకు రబ్బరు కట్టలు తగిలించే మేకులు ఉండవు. మేకులు ఉంటే పురికొసకు అందవు. ఒక్కొక్కటీ తీయడం, ఇరుసు దగ్గర కొస పట్టుకుని లాగడం, పెదవి విరిచి పక్కన పడేయడం. ఇంతలో అతని తల ప్రాణం తోకకు వచ్చింది. లేద్దామనుకుంటుండగా ఒక పిల్లల ఊయల చట్రం కింద ఎర్రరంగు ఫోర్కు కనిపించింది. తుప్పు పైపైనే ఉంది. గొట్టాలు తిన్నగా ఉన్నాయి, మేకులున్నాయి. ఊపిరి బిగబట్టి పురికొస లాగాడు. ముడి ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది.

"దొరికిందా నీ పెళ్ళికూతురు?" అంది ఆవిడ బయటినుంచి.

"దొరికింది. కాస్త వయసు మళ్ళింది, అంతే."

షాపుకు తెచ్చి రెండు రోజులు దాని సేవ చేశాడు. తుప్పు గీకాడు, కొత్త రబ్బరు రింగులు వేశాడు, బావ బరువు తలుచుకుని గట్టి స్ప్రింగులు ఏరి పెట్టాడు. ఫ్రేములో ఎక్కించి నిలబెట్టేసరికి బండి వంగిన నడుము సర్దుకుని నిలబడ్డట్టయింది. పానా వెనక్కి జరిగి చూసుకున్నాడు. అతనికి అంత తృప్తి కలిగి చాలా రోజులయింది.

*

షాపు వెనక సందు గుట్ట మీదికి ఎక్కుతుంది. బావ పొద్దున్నే వచ్చి, బండిని అటూ ఇటూ చూసి, "పెళ్ళికొడుకులా ఉందిరా" అని ఎక్కాడు. పానా తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

సందు చదునుగా ఉన్నంతసేపూ బాగానే వెళ్ళాడు. ఎత్తు మొదలవగానే ముందు చక్రం అటొకసారి ఇటొకసారి ఊగింది. బావ హ్యాండిలు తిప్పి సర్దబోయాడు. చక్రం ఎడమ గోడకేసి వెళ్ళింది. అడుగు కింద పెట్టేశాడు. వెనక్కి వచ్చి మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ అదే చోట దిగాడు. మూడోసారి బండిని తోసుకుంటూ వచ్చేశాడు. మొహం ఎర్రబడి ఉంది.

"పొడుగైందిరా ఇది. ముందు లేచిపోతోంది."

"పొడుగు కాలేదు బావా. దాని పొడుగు అంతే."

"తొక్కేవాణ్ణి నేను. లేచిపోతోందని చెబుతున్నాను కదా."

పానా బండి తీసుకుని తనే ఎక్కాడు. గుట్ట పైదాకా వెళ్ళాడు. చక్రం గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. పైన తిప్పుకుని దిగుతూ రెండు బ్రేకులూ పట్టాడు. కుడి మీటకున్న వెనకది కొత్తదానిలా కరిచింది. ఎడమ మీటకున్న ముందుది అరిగిపోయి కీచుమంది. అక్కడే ఆగి చూశాడు. వెనక బ్రేకు కట్టలు వేసినప్పటి మందం అలాగే ఉన్నాయి. ముందువి అరిగి అట్టముక్కల్లా ఉన్నాయి. ఎడమ పిడి రబ్బరు కరిగి లోపలి ఇనుము తగులుతోంది. కుడి పిడి మీద అచ్చు గీతలు కూడా చెరగలేదు.

మెల్లగా నడిపించుకుంటూ కిందికి వచ్చాడు. బండిని స్టాండుకు తగిలించి, చేతిలోని పెద్ద పానా బావకు అందించాడు.

"ఇది కాస్త పట్టుకో."

బావ ఎడమ చెయ్యి చాచాడు.

"ఆ చేత్తో కాదు."

బావ ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి చాచాడు. పానా దాన్ని అరచేతిలో పెట్టగానే మూడు వేళ్ళు ముడుచుకున్నాయి, రెండు ముడుచుకోలేదు. ఆ ఇనుము జారి గచ్చు మీద పడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన చలికాలం నుంచి. ముందు చిటికెన వేలు. తర్వాత దాని పక్కది."

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళాను. మెడలో నరం నలిగిందట. బాగవుతుందా అంటే నీళ్ళు నమిలాడు. మందులిచ్చి, బరువులు మొయ్యకు, కుదుపుల్లో తిరక్కు అన్నాడు. కుదుపుల్లో తిరగడమే నా ఉద్యోగమని చెబితే బాగుండదని ఊరుకున్నాను."

"అక్కకి?"

"తెలియదు." బావ వంగి ఎడమచేత్తో పానా తీసి బల్ల మీద పెట్టాడు. "తెలిస్తే రేపే మానిపిస్తుంది. మానేస్తే ఎల్లుండి ఇల్లు ఖాళీ చేయిస్తారు. ఒంటి చేతివాడికి ఇంకెవరు పనిస్తారు చెప్పు? నువ్విస్తావా? నీ ఒక్కడికే ఇక్కడ పని చాలట్లేదు."

పానాకు ఆ ఎడమ గొట్టం అరుగుడు, ఆ అద్దంలాంటి కుడి గొట్టం అన్నీ ఇప్పుడు అర్థమయ్యాయి. ముందు భాగం కూర్చున్నకొద్దీ బావ హ్యాండిలు మీద రొమ్ము ఆనించి, ఎడమవైపుకు ఒరిగి, చక్రాన్ని తన బరువుతో నేలకు అదిమి కొండ ఎక్కుతూ వచ్చాడు. పట్టు లేని చేతికి ఆ వంగుడే పట్టయింది. ఇప్పుడు తను దాన్ని సరిచేసి, ఆ ఒక్క ఆసరా లాగేశాడు.

"రెండు బ్రేకుల తీగలూ ఎడమ మీటకే కలిపి కడతాను" అన్నాడు చివరికి.

"కట్టు. ఎక్కేముందు సూపర్‌వైజరు మొదట చూసేది ఆ మీటలే. రెండూ నొక్కి చూస్తాడు. ఒంటి మీట కనిపించిందంటే నా చెయ్యి సంగతి నేనే చెప్పినట్టు." బావ స్టూలు మీద కూర్చున్నాడు. "నాకు కావలసింది అది కాదు. దీన్ని పొట్టి చెయ్యొచ్చా? మునుపటిలాగా?"

"చెయ్యొచ్చు. చెయ్యను."

"ఎందుకు?"

"నీ చేతికి వెనక బ్రేకు అందదు. ముందుది ఒక్కటే పడతావు. ముందు పొట్టిదైతే దిగేటప్పుడు బరువంతా ముక్కు మీదే. గట్టిగా పట్టావంటే వెనక చక్రం లేచి నిన్ను హ్యాండిలు మీదుగా విసిరేస్తుంది. ఇన్నాళ్ళూ ఎలా దిగావు అసలు?"

బావ కాళ్ళు చాచి బూట్ల అడుగులు చూపించాడు. మడమల దగ్గర తోలు లేదు.

"కాళ్ళు ఈడుస్తూ" అన్నాడు. "ఒరేయ్, పరీక్ష ఎక్కడానికేరా. వాడు పైట్యాంకు దగ్గర నీడలో కూర్చుని ఎక్కినవాణ్ణి చూస్తాడు. దిగేటప్పుడు ఎవడు చూస్తాడు? దిగుతూ పడి పోయినా ఆ రోజుకు నేను ఎక్కినట్టే."

"అలా మాట్లాడకు బావా."

"సరే, మాట్లాడను. ఒక్కరోజుకు చెయ్యి. పరీక్ష అవగానే తెస్తాను, నీ ఇష్టం వచ్చినంత పొడుగు చెయ్యి, తీగలు నీ ఇష్టం వచ్చినట్టు కట్టు. ఒక్కసారి వాడి కళ్ళ ముందు ఎక్కానంటే మళ్ళీ ఏడాది దాకా నా జోలికి రాడు. తర్వాత తోసుకుంటూ వెళ్ళినా అడిగేవాడు ఉండడు."

పానా బల్ల మీది బోల్టులన్నీ డబ్బాలో వేసి, మళ్ళీ బయటికి పోసి, మళ్ళీ వేశాడు.

"ఒక్కరోజే" అన్నాడు పానా.

"ఒక్కరోజే."

పని పెద్దది కాదు. షాపు మూల నీటిపైపు ముక్క పడి ఉంది. దళసరి ప్లాస్టిక్కు. దానిలోంచి రెండు వేళ్ళ వెడల్పున రెండు ముక్కలు కోశాడు. అంచులు ఆకురాయితో నున్నగా చేశాడు. ఫోర్కు కాళ్ళు విప్పి, లోపలి కడ్డీకి కింద ఆ ముక్కలు తొడిగి మళ్ళీ మూశాడు. ఇక సన్నగొట్టం బయటికి రాబోతే ఆ ముక్క అడ్డం పడుతుంది. బండి మళ్ళీ తల వంచుకుంది. తుక్కులో పాకి తెచ్చిన పొడుగును తన చేతులతోనే మింగేయించి, పానా ముందు బ్రేకుకు కొత్త కట్టలు వేశాడు. అంతకుమించి చేయగలిగింది అతనికి కనిపించలేదు.

బావ ఎక్కి సందు చివరిదాకా తొక్కాడు. రొమ్ము హ్యాండిలుకు ఆనించి, ఎడమకు ఒరిగి, ఎక్కడా దిగకుండా.

*

పరీక్ష రోజు పానా షాపు తెరవలేదు. అడ్డదారి కాలిబాటన ఎక్కి, అందరికంటే ముందే పైట్యాంకు దగ్గరికి చేరి, గోడవారగా నిలబడ్డాడు. సూపర్‌వైజరు మడతకుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. మంచి బట్టలు, శుభ్రమైన గోళ్ళు. కోపిష్టిలా కూడా లేడు. ఎవరినో ఇంట్లో పిల్లవాడి జ్వరం గురించి అడుగుతున్నాడు.

మొదట కొత్తవాడొకడు ఆఫీసు సైకిలు మీద వచ్చాడు. చివరి మలుపులో ఊపిరాడక దిగి, రెండడుగులు తోసి మళ్ళీ ఎక్కాడు. సూపర్‌వైజరు చూశాడు. "కొత్త కదా, అలవాటవుతుందిలే" అన్నాడు. తర్వాత పాతవాడొకడు, బావకంటే పెద్దవాడు, అదే మలుపులో దిగాడు. మళ్ళీ ఎక్కలేదు. తోసుకుంటూ వచ్చి సూపర్‌వైజరు ముందు నిలబడ్డాడు. సూపర్‌వైజరు ఏమీ అనలేదు, అరచెయ్యి చాచాడు. ఆ మనిషి నడుముకున్న తాళాలగుత్తి విప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. విప్పి ఇచ్చి, ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు బండి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అతనికి దారి ఎవరూ చెప్పలేదు.

బావ వచ్చాడు. మలుపు దగ్గర ముందు టోపీ కనిపించింది, తర్వాత వంగిన వీపు. హ్యాండిలు మీద పడుకున్నట్టే ఉన్నాడు. కుడిచెయ్యి పిడి మీద ఊరికే పెట్టి ఉంది. చూసేవాళ్ళకు గట్టిగా పట్టుకున్నట్టే ఉంటుంది. పానా తన కుడి గుప్పిట బిగుసుకుని ఉందని చాలాసేపటికి గమనించుకున్నాడు. చక్రం ఎక్కడా ఊగలేదు. బావ ట్యాంకు గోడదాకా వచ్చి ఆగాడు.

"భేష్" అన్నాడు సూపర్‌వైజరు. "చూశారా, ఈ వయసులో కూడా. ఇలా ఉండాలి." తర్వాత అందరినీ దగ్గరికి రమ్మన్నాడు. "ఇక నుంచి హాజరు కింద కాదు, ఇక్కడే. రోజూ పొద్దున్నే నేనిక్కడ ఉంటాను. తొక్కుకుంటూ వచ్చినవాళ్ళే వచ్చినట్టు."

బావ పానా వైపు చూడలేదు. నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు, పళ్ళతో.

ఒక్కొక్కరూ దిగిపోయారు. సూపర్‌వైజరు మళ్ళీ ఫోనులో పడ్డాడు. బావ అందరి వెనకా బయలుదేరాడు. పానా గోడ చివరిదాకా నడిచి కిందికి చూశాడు. తొలి మలుపు దగ్గర బావ ముందు బ్రేకు పట్టాడు. వెనక చక్రం జానెడు లేచింది. గాల్లో తిరుగుతూ ఒక్క క్షణం అలాగే ఉంది. బావ రెండు కాళ్ళూ నేలకు కొట్టాడు, మట్టి లేచింది, చక్రం కిందపడింది. అతను ఆగి, తల ఎత్తకుండా కాసేపు నిలబడి, మళ్ళీ పెడలు మీద కాలు పెట్టాడు. కింద ఇంకా చాలా మలుపులున్నాయి. వాటిని పానా చూడలేకపోయాడు.

*

మర్నాడు సాయంత్రం పానా పనులన్నీ పక్కన పెట్టి కూర్చున్నాడు. ఫోర్కు విప్పే పనిముట్లు బల్ల మీద వరసగా పేర్చుకున్నాడు. రెండు తీగలూ లాగే మీట ఒకటి వెతికి తెచ్చి, అది కూడా పెట్టుకున్నాడు. సూపర్‌వైజరు కొత్త మాట విన్న దగ్గర నుంచీ ఈ సామానుకు పని పడదని అతనికి తెలుస్తూనే ఉంది. అయినా పేర్చుకున్నాడు. మాట మాటే కదా, బావ వస్తే ముక్కలు తీసేసి, తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చని మొండిగా అనుకున్నాడు.

బావ వచ్చాడు. వెనకే అక్క వచ్చింది.

అక్క షాపుకు రావడమే అరుదు. వచ్చినా గ్రీజు అంటుతుందని గుమ్మంలోనే నిలబడుతుంది. ఇవాళ స్టూలు తుడుచుకోకుండానే కూర్చుంది.

"ఇంటి పైకప్పు బాగుచేస్తారటరా. ఇవాళే మనిషిని పంపారు, కొలతలు తీసుకున్నాడు. ఉండే వాళ్ళకే చేయిస్తారటలే. వంటింటికి ఏ రంగు కావాలో కూడా అడిగాడు. నన్ను ఇన్నేళ్ళలో ఎవరైనా ఏ రంగు కావాలని అడిగారా?"

"ఏం చెప్పావు?" అన్నాడు పానా.

"ఏం చెప్పాలో తోచక అతన్నే చెప్పమన్నాను." అక్క నవ్వింది. "ఇదంతా నీ చలవేనట. మీ బావ చెప్పారు. నువ్వు ఆ ఫోర్కేదో వెతికి పెట్టకపోతే కొండ ఎక్కేవాణ్ణి కాదన్నారు. నేను ఊరికే నిన్ను ఆడిపోసుకుంటాను గానీ, నువ్వు మంచివాడివేరా."

పానా తల దించుకుని పనిముట్లు సర్దాడు. బావ బండిని స్టాండుకు ఎత్తబోయాడు, ఒంటిచేత్తో. పానా లేచి సాయం పట్టాడు. ఇద్దరి తలలూ దగ్గరికి వచ్చాయి.

"తియ్యనా?" అన్నాడు పానా, అక్కకు వినపడకుండా.

బావ తల అడ్డంగా ఊపాడు. కుడిచెయ్యి చూపించాడు. ఇప్పుడు రెండు వేళ్ళు కాదు, నడిమి వేలు కూడా సగంలోనే ఆగిపోతోంది. ఆ చెయ్యి జేబులో పెట్టుకుని, మామూలు గొంతుతో అన్నాడు.

"ఇవాళ పైమలుపులో కాస్త ఊగిందిరా. ఇంకో ముక్క పడుతుందేమో చూడు."

"ఏం ముక్క?" అంది అక్క.

"ఫోర్కులో వేస్తాడులే. అది వేస్తే ముందు ఇంకాస్త దిగి ఎక్కడం తేలికవుతుంది."

"అయితే వెయ్యరా. అడిగించుకుంటావేం?"

పానా అక్క వైపు చూశాడు. ఇప్పుడే చెప్పేయొచ్చు. ఒక్క మాట చాలు, బావ జేబులోంచి చెయ్యి బయటికి తీయమంటే చాలు. అక్క కళ్ళతో చూస్తుంది, ఏడుస్తుంది, రేపటి నుంచి కొండ ఉండదు. ఆ మర్నాడు ఇల్లు ఉండదు. ఈ మనిషి ఈ స్టూలు మీద కూర్చుని, ముడుచుకోని వేళ్ళను చూసుకుంటూ ఉంటాడు. చెప్పకపోతే రోజూ పొద్దున్న ఒకసారి ఎక్కుతాడు, ఒకసారి దిగుతాడు. ఏదో ఒకరోజు దిగడు. ఈ రెండింటిలో ఏది తక్కువ పాపమో చెప్పగలిగినవాడు ఈ వీధిలో లేడు.

బావ అతన్నే చూస్తున్నాడు. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. అలసిపోయి ఉన్నాడు, అంతే.

"పడుతుందా?" అన్నాడు.

"ఒక వేలు వెడల్పుది పడుతుంది" అన్నాడు పానా. "అంతకుమించి పట్టదు బావా. ఆ పైన చోటు లేదు."

"ఒక వేలు చాలు ప్రస్తుతానికి."

పానా మూలనున్న పైపు ముక్క తెచ్చి బల్ల అంచున పెట్టి, బొటనవేలి గోరుతో గీత గీశాడు. రంపం పెట్టేసరికి గొట్టం దొర్లింది. బావ పట్టుకోవడానికి ముందుకు వచ్చి ఆగిపోయాడు.

"ఉండండి, నేను పట్టుకుంటాను" అంటూ అక్క లేచి, చీర కొంగు దోపుకుని, రెండు చేతులతో గొట్టాన్ని బల్లకేసి గట్టిగా అదిమింది. "ఊఁ, కొయ్యి."

పానా కొయ్యడం మొదలుపెట్టాడు.